ఫ్రెంచి పల్టనుకు ఉద్వాసన

మూసీ నుంచి దుండిగల్ దాకా: దండు విడిదుల కథ – 3

జరిగిన కథ: 1751లో సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించిన ఫ్రెంచి సేనాని బుస్సీ, తన సిపాయిల జీతాల కింద 1753లో నాలుగు ఉత్తర సర్కారులు రాయించుకున్నాడు. 1756లో దర్బారు అతని కొలువు తీసేసింది. సెలవు పుచ్చుకున్నట్టే పుచ్చుకుని అతను తిన్నగా హైదరాబాదు వచ్చి చార్ మహల్‌లో తిష్ఠ వేశాడు. కొత్త బలగం వచ్చి కలిశాక, తీసేసినవాళ్లే పిలిచి కొలువిచ్చారు. ఆ ఊపులోనే 1757 జనవరిలో బొబ్బిలి కోట బూడిదైంది. 1758లో పై అధికారి లాలీ పిలిపిస్తే బుస్సీ వెళ్లక తప్పలేదు. ఏడాది తిరక్కుండా చందుర్తిలో, మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు.

*

బుస్సీ పోయాడు గాని ఫ్రెంచి కవాతు మీద దక్కను దర్బారుకు పుట్టిన మోజు పోలేదు. 1762లో అన్న సలాబత్ జంగ్‌ను బీదరు కోటలో పెట్టి గద్దె ఎక్కిన నిజాం అలీ ఖాన్, నలభై ఏళ్లకు పైగా ఏలాడు. ఆయనకు ముగ్గురు పొరుగువాళ్లు. పడమట పూనా పీష్వాలు చౌతు బాకీ అంటూ ఎప్పుడూ గుమ్మంలో ఉంటారు. దక్షిణాన మైసూరు, ముందు హైదరు, తర్వాత టిప్పు. తూర్పున కోస్తా అంతా పరుచుకున్న ఇంగ్లిషు కుంపిణీ. 1788లో గుంటూరు సర్కారు కూడా కుంపిణీకే పోయింది. ముగ్గురిలో ఏ ఒక్కరితోనూ ఒంటరిగా తలపడే శక్తి నిజాముకు లేదు. ఇద్దరు కలిసి వస్తే అసలే లేదు. ఆయన విదేశాంగ నీతి మొత్తం ఇందులోంచే పుట్టింది. ఒకరి పక్కన చేరి మరొకరిని దూరం పెట్టడం, అవసరం తీరగానే పక్క మార్చడం. అలా మార్చడానికి తనకంటూ ఒక పటాలం కావాలి. ఆ అవసరంలోకి నడిచొచ్చాడు రేమండ్.

అద్దె తుపాకుల దొర

మిషెల్ జోవాకిం మారీ రేమండ్ 1755లో ఫ్రాన్సులోని గాస్కనీ ప్రాంతంలో పుట్టాడు. ఇరవయ్యో ఏట, 1775లో, వ్యాపారం చేసుకుందామని పుదుచ్చేరిలో దిగాడు. త్రాసు పట్టడానికి వచ్చినవాడు కత్తి పట్టాడు. కొన్నాళ్లు మైసూరు కొలువులో ఫ్రెంచి దళంతో తిరిగాడు. 1783లో ముసలి బుస్సీ మళ్లీ ఇండియాకు వచ్చినప్పుడు ఆయనకు అంగరక్షక సహాయకుడయ్యాడు. 1785 మొదట్లో బుస్సీ పుదుచ్చేరిలో కన్నుమూశాడు. ఆ దగ్గర్లోనే రేమండ్ హైదరాబాదు దర్బారు మెట్లెక్కాడు. గత భాగంలోని గురువు వదిలిన పీటను ఈ భాగంలో శిష్యుడు వచ్చి అందుకున్నాడన్నమాట.

అతను చేరినప్పుడు వెంట ఉన్నది మూడు వందల మంది. వాళ్లకు తుపాకులైనా సొంతానివి కావు. ఒక్కో తుపాకికి నెలకు ఎనిమిదణాల చొప్పున ఒక వర్తకుడి దగ్గర అద్దెకు తెచ్చాడు. అంటే నెల తిరిగేసరికి నూట యాభై రూపాయలు తుపాకుల బాడుగకే పోయేవి. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గాని ఆనాటి దక్కనులో సైన్యమంటే సగం వ్యాపారమే. సేనాని మనుషుల్ని పోగు చేస్తాడు, బట్టలూ మందుగుండూ కొంటాడు, కవాతు నేర్పుతాడు, మొత్తం సరుకును నవాబుకు నెలకింతని ఒప్పుకుంటాడు. నవాబు ఖజానాలోంచి రొక్కం ఇవ్వడం అరుదు. ఫలానా తాలూకాల శిస్తు నీది, వసూలు చేసుకుని నీ మనుషులకు పంచుకో అని సనదు రాసిస్తాడు. దాంతో సేనాని ఒక చేత్తో పటాలం, మరో చేత్తో జమాబందీ నడపాలి. వాన కురవకపోతే శిస్తు రాదు, శిస్తు రాకపోతే జీతం లేదు. మధ్యలో సాహుకారు అప్పిస్తాడు, వడ్డీ కోసుకుని ఇస్తాడు. సిపాయి ఇంటికి బియ్యం ఇచ్చిన దుకాణదారు నుంచి పల్టను దొర దాకా అందరూ ఎవరికో ఒకరికి బాకీనే.

ఈ లెక్కల్లో రేమండ్ గట్టివాడు. జీతం ఆలస్యమైనా ఎగ్గొట్టడన్న పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరు చూసి సిపాయిలు వచ్చి చేరారు. మూడు వందలు వేలయ్యాయి. 1798 నాటికి ఆ దళం పద్నాలుగు వేలకు చేరింది. నిజాం అతనికి అజ్దర్ జంగ్ అన్న బిరుదు ఇచ్చాడు. దర్బారు మర్యాదలు, పారసీ పలకరింపులు, పాన్‌దానులు, అన్నీ ఒంటబట్టించుకున్నాడు రేమండ్. హిందువులు మూసా రామ్ అని, ముసల్మానులు మూసా రహీమ్ అని పిలుచుకున్నారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మూసారాంబాగ్ పేరు అలా నిలిచిందే.

అద్దె తుపాకుల రోజులు త్వరగానే పోయాయి. ఫతే మైదాను దగ్గర ఫిరంగుల కార్ఖానా వెలిసింది. తోప్ కా సాంచా అని జనం పిలిచిన ఆ చోటే నేటి గన్‌ఫౌండ్రీ. ఆ కాలంలో ఫిరంగి పోత పోయడం వారాల తరబడి సాగే పని. ముందు పొడుగాటి దుంగకు తాడు చుట్టి, దాని మీద పొరలు పొరలుగా బంకమట్టి మెత్తి ఫిరంగి ఆకారం చేస్తారు. దాని మీద మరో మట్టి కవచం కట్టి, ఎండబెట్టి, కాల్చి, లోపలి దుంగను లాగేస్తారు. మిగిలిన బోలు అచ్చును గోతిలో నిలువుగా దించి చుట్టూ మట్టి దట్టిస్తారు. పైన కొలిమిలో రాగి, తగరం కలిసి కరిగి కాలవగా అచ్చులోకి దిగాలి. అచ్చులో చుక్క తడి ఉన్నా ఆవిరి తన్ని మొత్తం చిమ్ముతుంది. పోత చల్లారాక తవ్వి తీసి, అచ్చు పగలగొట్టి, గొట్టం లోపల తొలిచి నునుపు చేస్తారు. గాలిబుడగ ఒక్కటున్నా ఆ ఫిరంగి మొదటి గుండుకే పగిలి శత్రువును వదిలి సొంతవాళ్లనే చంపుతుంది. ఇంత పనితనం హైదరాబాదు కమ్మరుల చేతికి వచ్చేసిందన్న కబురు మద్రాసులో కుంపిణీ దొరలకు నిద్ర పట్టనివ్వలేదు.

ఖర్దా దగ్గర తగిలిన దెబ్బ

1795 మార్చి 11న ఖర్దా దగ్గర నిజాం సైన్యం, మరాఠా సైన్యం ఎదురుపడ్డాయి. యుద్ధానికి ముందే నిజాం కుంపిణీ సాయం కోరాడు. గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ మేం తటస్థులం పొమ్మన్నాడు. నిజాం జీతమిచ్చి పోషిస్తున్న రెండు ఇంగ్లిషు పటాలాలు కూడా ఈ యుద్ధంలో తుపాకి ఎత్తలేదు. అసలు పోరు ఫ్రెంచివాళ్ల మధ్యే జరిగింది. ఇటు రేమండ్ దళం, అటు మరాఠా సర్దారు సింధియా తరఫున పెరాన్ నడిపిన దళం. రేమండ్ సిపాయిలు నిలబడి కాల్చారు. చీకటి పడ్డాక మాత్రం నిజాం శిబిరంలో కలకలం రేగింది. వెంట వచ్చిన జనానా భయపడిందని, నిజాం వెనక్కి తగ్గమన్నాడని చెబుతారు. చీకట్లో వెనక్కి తిరిగిన సైన్యం చెల్లాచెదురైంది. నిజాం ఖర్దా కోటలో చిక్కుకున్నాడు. చుట్టూ మరాఠాలు, లోపల నీటికి కటకట. చివరికి దౌలతాబాదుతో సహా సీమలు ఒప్పగించి, కోట్ల రూపాయల పరిహారం ఒప్పుకుని, తన దివాను అరస్తు జాను పూనాకు బందీగా పంపి బయటపడ్డాడు.

హైదరాబాదు చేరగానే నిజాం చేసిన మొదటి పని, ఆపదలో కదలని ఇంగ్లిషు పటాలాలకు సెలవిచ్చి పంపేయడం. తిండి పెట్టింది మేం, కాపలా ఎవరికో అన్న కోపం ఆయనది. కోపం న్యాయమైందే. కాని ఆ ఏడాదిలోనే పెద్దకొడుకు అలీ జా తిరగబడి బీదరు చేరాడు. ఇంగ్లిషు పటాలాలను మళ్లీ పిలిపించాల్సి వచ్చింది. వాళ్లు వచ్చేలోగా రేమండ్ వెళ్లి అలీ జాను పట్టుకున్నాడు. రాజధానికి తెస్తుండగా దారిలో ఆ యువరాజు విషం మింగి ప్రాణం తీసుకున్నాడు. తండ్రి మనసులో ఏముందో గాని గద్దె నిలిచింది. నిలబెట్టింది రేమండ్. ఇక ఫ్రెంచి దళానికి అడ్డేముంది? జీతాల ఖర్చుకని కడప, కంభం సీమల్లోకి ఆ దళం అడుగుపెట్టేసరికి కుంపిణీ గగ్గోలు పెట్టింది. అక్కడినుంచి ఒక పక్క కుంపిణీ ఏలుబడి, మరో పక్క టిప్పు సరిహద్దు. సముద్రమూ దూరం కాదు. ఫ్రెంచి ఓడ ఒకటి తీరానికి తగిలితే, ఆ తర్వాత జరిగేది ఊహించుకోవడానికి మద్రాసు కోటలో ఎవరికీ పెద్ద తెలివి అక్కర్లేదు.

కేప్‌టౌన్‌లో మాటామంతీ

హైదరాబాదు దర్బారులో కుంపిణీ రాయబారి, అంటే రెసిడెంటు, విలియం కర్క్‌పాట్రిక్. ఒంట్లో బాగోక 1797లో సెలవు పెట్టి ఆఫ్రికా కొసనున్న కేప్‌టౌన్‌కు వెళ్లాడు. అతని స్థానంలో తమ్ముడు జేమ్స్ ఎకిలీస్ కూర్చున్నాడు. మద్రాసులో పుట్టినవాడు, పారసీ, హిందుస్తానీ బాగా తెలిసినవాడు, దర్బారు మర్యాద ఎరిగినవాడు. తర్వాతి రోజుల్లో ఖైరున్నీసా బేగంతో అతని ప్రేమ కథగా మిగిలింది. మనకిప్పుడు పని అతని ప్రేమతో కాదు, దౌత్యంతో.

కొత్త గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఇండియాకు వస్తూ అదే కేప్‌టౌన్‌లో ఆగాడు. అక్కడ విలియం అతనికి హైదరాబాదు ఫ్రెంచి దళం సంగతి పూస గుచ్చినట్టు చెప్పాడు. ఎన్ని వేల మంది, ఎన్ని ఫిరంగులు, జీతాలు ఎక్కణ్నుంచి, ఎవరు ఎవరికి గిట్టరు, అన్నీ. 1798 మేలో కలకత్తాలో దిగేటప్పటికే వెల్లస్లీ మనసులో పథకం సిద్ధంగా ఉంది.

కాలం కూడా అతనికి కలిసొచ్చింది. ఆ ఏడాది జనవరిలో మారిషస్ ఫ్రెంచి గవర్నరు మలార్తిక్, టిప్పుకు సాయం వెళ్లేవాళ్లు రండని బాహాటంగా ప్రకటన అతికించాడు. గుట్టుగా జరగాల్సిన పని రట్టయింది. జులైలో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. ఈ రెండు కబుర్లతో ఇండియాలో ఫ్రెంచి పేరున్న ప్రతి తుపాకీ కుంపిణీకి తన గుండె మీద గురిపెట్టినట్టే అనిపించింది. హైదరాబాదు దళం విప్లవ ఫ్రాన్సు మూడు రంగుల జెండా ఎగరేస్తోందని, సిపాయిల కోటు గుండీల మీద స్వేచ్ఛా టోపీ బొమ్మ ఉందని ఇంగ్లిషు రాతల నిండా ఉంది. ఆ గుండీలు తొడుక్కున్న దక్కను సిపాయికి పారిస్‌లో ఎవరి తల తెగిందో పట్టిందా అన్నది వేరే సంగతి. అతనికి పట్టింది నెల జీతం.

ఆ జనవరికీ జులైకీ మధ్యలో, 1798 మార్చి 25న, రేమండ్ ఉన్నట్టుండి చనిపోయాడు. వయసు నలభై పైచిలుకు. విషప్రయోగమని కొందరు, ఆత్మహత్య అని కొందరు అనుకున్నారు. మూసీ దక్షిణాన మలక్‌పేట వైపు గుట్ట మీద సమాధి చేసి, స్తంభం ఎత్తారు. చాలా ఏళ్ల పాటు అతని వర్ధంతికి జనం ఉర్సులా వెళ్లి దీపాలు పెట్టారు. పరాయి దేశపు కిరాయి సేనానికి ఊరు ఇంత మర్యాద ఇచ్చిందంటే, జీతం ఎగ్గొట్టడన్న ఆ పాత పేరుకు అందులో పెద్ద వాటా ఉండే ఉంటుంది.

దళం పెత్తనం పిరాన్ చేతికి వచ్చింది. రేమండ్‌కున్న ఒడుపు ఇతనికి లేదు. నోటి దురుసు, రిపబ్లిక్ పిచ్చి. సింధియా కొలువులోని పెరాన్‌కు వెండితో చేసిన స్వేచ్ఛా వృక్షం, టోపీ కానుకగా పంపాడని చెబుతారు. వెండి చెట్టుకు సొమ్ము దొరికింది గాని సిపాయిల బాకీ జీతాలకు దొరకలేదు. పతనం అక్కడ మొదలైంది.

నిజాం వేసిన లెక్క

ఇంగ్లిషువాళ్లు నిజామును బెదిరించి లొంగదీశారని ఒక ముక్కలో తేల్చేస్తే కథ సగమే చెప్పినట్టు. అరవై నాలుగేళ్ల నిజాముకు తన లెక్క తనకుంది. ఖర్దా అవమానం ఆయన మరచిపోలేదు. పూనా మళ్లీ వస్తే ఫ్రెంచి దళం ఒక్కటే ఆపలేదని కళ్లారా చూశాడు. పైగా ఇంట్లో పద్నాలుగు వేల మంది ఒకే దొర మాట వింటుంటే, ఆ దొరకు కోపం వచ్చిన రోజున తన గతేమిటన్న భయమూ ఉంది. బుస్సీ చార్ మహల్‌లో తిష్ఠ వేసిన నాటికి ఆయనకు ఇరవై దాటాయి. ఆ ముచ్చట ఆయన ఎవరి నోటా వినక్కర్లేదు.

1797లో పూనా చెర నుంచి తిరిగొచ్చిన దివాను అరస్తు జా ఈ లెక్కను ముందుకు తోశాడు. రెండేళ్లు పూనాలో బందీగా ఉండి, పీష్వా ఇంట్లో వారసత్వ గొడవను వాడుకుని, పోయిన సీమల్లో చాలా భాగం రాబట్టుకుని వచ్చిన ఘటికుడు. మరాఠాలను ఆపగలిగేది కుంపిణీ ఒక్కటేనని అతని నమ్మకం. ఫ్రెంచి దళం బలం తగ్గించడానికి ఇంగ్లిషువాళ్లు అప్పటికే వేరే దొరల చిన్న దళాలను నిజాం కొలువులోకి ఎగదోశారు. అందులో ఒకడు ఐర్లండువాడు ఫింగ్లాస్, మరొకడు అమెరికావాడు బాయిడ్. ముల్లును ముల్లుతో తీద్దామని చూశారు గాని, ముల్లు పెద్దదై కూర్చుంది. ఇక ఒడంబడికే దారి.

1798 సెప్టెంబరు 1న ఆ ఒడంబడిక కుదిరింది. కుంపిణీ పటాలాలు రెండు నుంచి ఆరవుతాయి, దాదాపు ఆరు వేల సిపాయిలు. వాటి ఖర్చుకు నిజాం నెలకు 2,01,425 రూపాయలు, అంటే ఏడాదికి 24,17,100 రూపాయలు ఇస్తాడు. ఆ కొత్త బలగం హైదరాబాదు చేరగానే ఫ్రెంచి అధికార్లందరికీ ఉద్వాసన చెప్పి, వాళ్లను కుంపిణీకి అప్పగించాలి.  

సంగతి గుట్టుగా ఉంచారు. లెఫ్టినెంట్ కర్నల్ రాబర్ట్స్ కింద నాలుగు పటాలాలను గుంటూరులో పోగుచేశారు. పదేళ్ల కిందట నిజాం వదులుకున్న గుంటూరు నుంచే ఆయన రాజధాని మీదికి సైన్యం కదిలింది. అక్టోబరు 10న అది హైదరాబాదు చేరి, అక్కడే ఉన్న కుంపిణీ అధికారి హిండ్‌మన్ రెండు పటాలాలతో కలిసింది.

అటూ ఇటూ ఊగిన పది రోజులు

సైన్యం వచ్చింది, సంతకం ఉంది, అయినా హుకుం రాదు. నిజాం మనసు అటూ ఇటూ ఊగింది. తన ఫ్రెంచి దళాన్ని తన చేతుల్తోనే విప్పేస్తే రేపు ఈ ఇంగ్లిషువాళ్లను అదుపు చేసేదెవరు? ఈ ప్రశ్నకు అరస్తు జా దగ్గర కూడా జవాబు లేదు. పోనీ ఫ్రెంచివాళ్లు తిరగబడి ఊరి మీద పడితే? నిజాం గోల్కొండ కోటకు చేరుకున్నాడు. రోజులు గడిచాయి. కొంత దళాన్నే తీసేద్దాం, కొన్నాళ్లాగుదాం అని దర్బారు నుంచి రాయబారాలు. జేమ్స్ కర్క్‌పాట్రిక్ ఓపిక నశించింది. హుకుం ఇవ్వకపోతే మా బలగమే ఫ్రెంచి దళం విడిది లైన్ల మీదికి కదులుతుంది, తర్వాత జరిగేదానికి బాధ్యత మీది అని కబురంపాడు. రాబర్ట్స్ పటాలాలు దగ్గరికి జరిగాయి. మూసీ అవతలి ఒడ్డున హిండ్‌మన్ ఫిరంగులు ఫ్రెంచి దళం మందుగుండు కొట్టుకు సూటిగా గురిపెట్టాయి. మందుగుండు కొట్టుకు నిప్పంటితే లైన్లు మొత్తం ఎగిరిపోతాయని అక్కడి చిట్టచివరి సిపాయికీ తెలుసు.

అక్టోబరు 21న హుకుం వచ్చింది. ఫ్రెంచి అధికార్లు కొలువులోంచి బర్తరఫ్. సిపాయిలు ఇక వాళ్ల మాట వినక్కర్లేదు. ఈ మాట లైన్లలో పడగానే జరిగింది ఎవరూ అనుకోనిది. సిపాయిలు ఇంగ్లిషువాళ్ల మీదికి పోలేదు, తమ దొరల మీదనే పడ్డారు. దొరలు వెళ్లిపోతే మా బాకీ జీతాలు ఎవరిస్తారు? పిరాన్‌ను, మిగతా అధికార్లను పట్టుకుని కాపలా పెట్టారు. రిపబ్లిక్, టిప్పు, నెపోలియన్, ఎవరి పేరూ ఎత్తలేదు. నెలల తరబడి రాని తలబు, అంటే జీతం, ఒక్కటే వాళ్ల నినాదం.

సర్ది చెప్పి రమ్మని రెసిడెంటు తన సహాయకుణ్ని పంపాడు. ఇరవై తొమ్మిదేళ్ల జాన్ మాల్కం. తర్వాతి కాలంలో బొంబాయి గవర్నరు అయిన మాల్కం ఇతనే. గుంపు అతన్నీ చుట్టుముట్టింది. నువ్వే మా దొరల్ని పంపించేస్తున్నావు, మా డబ్బు సంగతి తేల్చి కదులు అని పట్టుకుంది. తుపాకి మడమలు లేచాయి. ఆ తోపులాటలో కొందరు సిపాయిలు అతన్ని గుర్తుపట్టారు. ఒకప్పుడు కుంపిణీ 29వ పటాలంలో అతని కింద పనిచేసి, పారిపోయి వచ్చి రేమండ్ దగ్గర చేరినవాళ్లు వాళ్లు. పాత దొర మంచివాడని కేకలేస్తూ అతన్ని ఎత్తి గుంపు తలల మీదుగా చేతులు మార్చుకుంటూ బయటికి దాటించారు. కుంపిణీని వదిలి పారిపోయిన సిపాయిలే కుంపిణీ దొర ప్రాణం కాపాడటం ఆ రోజు చిత్రాల్లో ఒకటి.

ఆ రాత్రి ఫ్రెంచి అధికార్లు ఎలాగో సిపాయిల చెర తప్పించుకుని ఇంగ్లిషు శిబిరానికి చేరారు. నిన్నటి దాకా ఎవరిని సముద్రంలోకి నెట్టాలనుకున్నారో, ఇవాళ సొంత సిపాయిల నుంచి ప్రాణరక్షణ కోసం వాళ్ల గుడారంలోకే వచ్చారు. ఇంగ్లిషువాళ్లు వాళ్లను మర్యాదగానే చూశారు. సొత్తు పోకుండా చూశారు, ఆ తర్వాత కలకత్తాకు, అక్కణ్నుంచి ఐరోపాకు పంపే ఏర్పాట్లు చేశారు.

22న తెల్లవారేసరికి ఫ్రెంచి లైన్లలో నాయకుడు లేడు. ఎదుట గుట్ట మీద మాల్కంతో నిజాం గుర్రపు దళం, పక్కన రాబర్ట్స్, వెనక మూసీ, మూసీ అవతల హిండ్‌మన్ ఫిరంగులు. సిపాయిల తరఫున పెద్దలు వచ్చి మాట్లాడారు. బాకీలు తీరతాయి, కావలసినవాళ్లకు మళ్లీ కొలువూ దొరుకుతుంది, ముందు తుపాకులు కింద పెట్టి లైన్లు ఖాళీ చేయండి అన్నారు. ఎక్కువ సేపు పట్టలేదు. వేల మంది వరసలుగా వచ్చి తుపాకులు కుప్పలు పోసి బయటికి నడిచారు. సాయంత్రానికి ఆ లైన్లలో ఉన్న పదకొండు వేలకు పైబడి సిపాయిల దళం ఒక్క నెత్తురు చుక్క చిందకుండా విడిపోయింది. ఫిరంగులు, కార్ఖానా, గిడ్డంగులు కుంపిణీ కాపలా కిందికి వచ్చాయి. జేమ్స్ కర్క్‌పాట్రిక్ తన ఇంటి మిద్దె మీదినుంచి దుర్బిణిలో ఇదంతా చూశాడు. జీవితంలో ఇంత గొప్ప దృశ్యం చూడలేదని అన్నకు ఉత్తరం రాశాడు.

గెలిచింది ఎవరు?

రేమండ్ దళాన్ని ఓడించింది ఇంగ్లిషు ఫిరంగులు కావు. అవి పేలనే లేదు. ఓడించింది బాకీ పడ్డ జీతం. దక్కనులో ఏ సైన్యానికైనా కట్టు బిగువు జెండాతో రాదు, ప్రతి నెలా చేతిలో పడే రూపాయితో వస్తుంది. ఈ రహస్యం రేమండ్‌కు తెలుసు, పిరాన్‌కు తెలియదు, కుంపిణీకి బాగా తెలుసు. అందుకే ఒడంబడికలో పటాలాల సంఖ్య ఎంత స్పష్టంగా రాసుకుందో, రూపాయల అంకె కూడా అంతే స్పష్టంగా రాసుకుంది.

విడిపోయిన సిపాయిల్లో కొందరు ఊళ్లకు పోయారు. కొందరు కొత్త దొరల కింద మళ్లీ నిజాం పదాతి దళంలో చేరారు. ఆర్నెల్లు తిరిగేసరికి, 1799లో, శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన నిజాం సేనకు నాయకుల్లో ఒకడు మాల్కం. నిన్న టిప్పుకు తోడవుతారని కుంపిణీ భయపడ్డ చేతులే మే 4న టిప్పు కోట పడిన రోజు ఇటు పక్కన ఉన్నాయి. ఫ్రెంచి కవాతు నేర్చిన సిపాయిలకు టోపీ మారింది, పని మారలేదు.

ఇక నిజాం సంగతి. కొలువిచ్చినవాడికి తీసేసే హక్కు కూడా ఉంటుంది. హైదరాబాదు దర్బారు ఆ హక్కును వాడుకుంటూనే వచ్చింది. 1756లో బుస్సీ మీద, 1795లో ఇంగ్లిషు పటాలాల మీద, 1798లో ఫ్రెంచి దొరల మీద. మూడోసారి వాడినప్పుడు ఆ హక్కే ఖర్చయిపోయింది. ఫ్రెంచివాళ్లు ఉన్నంత కాలం ఇంగ్లిషువాళ్లను పొమ్మనే వీలుంది, ఇంగ్లిషువాళ్లు ఉన్నంత కాలం ఫ్రెంచివాళ్లను అదుపులో ఉంచే వీలుంది. ఒకరిని శాశ్వతంగా పంపేశాక రెండోవాడు అతిథి కాదు, ఇంటి యజమాని. గోల్కొండ కోటలో నిజామును పది రోజులు ఆపిన సందేహం అక్షరాలా నిజమైంది.

రెండేళ్లలోనే దాని ఖరీదు తెలిసింది. 1800 అక్టోబరు 12న మరో ఒడంబడిక. పటాలాలు ఇంకా పెరిగాయి. నెలనెలా రూపాయలు తెచ్చే బాధ ఎందుకని, మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన సీమలనే నిజాం కుంపిణీకి దత్తం చేశాడు. బళ్లారి, కడప, తక్కిన సీమలు దత్తమండలాలయ్యాయి. ఏ కడప, కంభంలోకి రేమండ్ దళం అడుగుపెట్టిందని కుంపిణీ గుండెలు బాదుకుందో, ఆ సీమలు కుంపిణీకే దక్కాయి. తర్వాత 1928లో రాయలసీమ అన్న పేరు పెట్టుకున్న నేల ఇదే. ఆ నేల చేతులు మారడానికి మూసీ ఒడ్డున తుపాకులు కుప్పలు పడ్డ ఆ సాయంత్రం తొలి మెట్టు.

ఇలా నిజాం ఖర్చు మీద స్థిరపడ్డ కొత్త దండుకు ఇప్పుడు విడిది కావాలి. ఊరికి మరీ దగ్గరైతే దర్బారుకు గుబులు, మరీ దూరమైతే రెసిడెంటుకు గుబులు. హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన బండరాళ్ల మైదానం ఒకటి ఇద్దరికీ నచ్చింది. 1806లో ఆ విడిదికి కొత్త నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అక్కణ్నుంచి మన కథలోని దండు మళ్లీ దక్షిణానికి తిరగలేదు. బొల్లారం, ఆపై హకీంపేట, చివరికి 1971 నుంచి విమానాలు నడపడం నేర్పుతున్న దుండిగల్ దాకా ఉత్తరంగానే పోయింది. దుండిగల్ మన కథకు చివరి మజిలీ. దానికింకా దారి ఉంది.

వచ్చే భాగంలో: సికింద్రాబాదు గుడారాలు బంగళాలుగా ఎలా మారాయి, బొల్లారంలో హెన్రీ రసెల్ మరో దండును ఎందుకు నిలబెట్టాడు, ఆ దండు జీతాలకు అప్పిచ్చిన పామర్ కంపెనీ వడ్డీ నిజాం ఖజానాను ఎక్కడి దాకా తెచ్చింది, ఆ బాకీ లెక్కల్లోనే 1853లో బీరారు ఎలా చేజారింది అన్న కథ.